ముఖలింగం తీర్థంలో గుండె మందు

ఊరినించి వచ్చిన దగ్గర్నించీ మా వీధిలో ఆడవాళ్ళంతా ఒకటే అడగడం, “శ్రీముఖలింగం చూసొచ్చావట గదా, ఎలా ఉంది?” అని. బాగుంది. గుడి బాగుంది, వంశధార బాగుంది, ఒడ్డున కొబ్బరిచెట్లు బాగున్నాయి. ఆ మాట మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇకమీద నేను రాయబోయేదాంట్లో బాగున్నవి తక్కువ. తీర్థయాత్ర చేసొస్తే మనశ్శాంతి కలుగుతుందంటారు. నాకు కలగలేదు. వెళ్ళినప్పటికంటే రెట్టింపు కోపంతో తిరిగొచ్చాను. కాస్త చల్లారాక రాద్దామని కొన్నాళ్ళు ఆగి చూశాను కూడా. చల్లారలేదు. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా బడిలో పిల్లలందరికీ తెలుసు.

నేను వెళ్ళింది దేవుడి కోసం కాదు. మా చెల్లెలు రత్నం మొగుడు అప్పలనాయుడి గుండె కోసం.

గజపతినగరం

మా నాన్న రైల్వే ఉద్యోగం మీద విజయనగరంలో ఉన్న రోజుల్లో కుదిరిన సంబంధం అది. నన్ను తెనాలికి ఇచ్చారు, రత్నాన్ని గజపతినగరం దగ్గర రైతుల ఇంట్లో ఇచ్చారు. ఇన్నేళ్ళుగా అక్కడే ఉండడంతో దాని మాట పూర్తిగా మారిపోయింది. గుమ్మంలో నన్ను చూడగానే “ఏటక్కా, ఇలగ సిక్కిపోనావు?” అంది. నాకు నవ్వొచ్చింది. తీరా చూస్తే చిక్కిపోయింది నేను కాదు, అదే.

వంకాయ కూరలో ఆవపిండి, పైగా బెల్లం. పులుసులో బెల్లం. పొద్దున్నే చోడి అంబలి, అంటే మన రాగి జావే, చల్ల కలిపి ఉల్లిపాయతో తాగుతారు. అది మాత్రం ఒంటికి హాయిగా ఉంది. నేను తీసుకెళ్ళిన గోంగూర పచ్చడి కలుపుకుని అప్పలనాయుడు రెండు ముద్దలకే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. “మీ గుంటూరోళ్ళు అన్నం తింతారా, నిప్పులు తింతారా వదినా?” అన్నాడు. మంచివాడు. పాలేరుకి కూడా తనతో పాటే వడ్డించమనే మనిషి. చెడ్డవాడైతే నాకింత కోపం వచ్చేది కాదు.

ఏడాదిగా పొలం గట్టు ఎక్కితే చాలు, గుండె మీద బండ పెట్టినట్టు పట్టేస్తోందట. ఒక్కోసారి ఊరికే కూర్చున్నా దడదడమంటోందట. విజయనగరం డాక్టరు గొట్టం పెట్టి విని, విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్ళి గుండె గీతలు తీయించుకోమన్నాడు. ఈయన వెళ్ళలేదు. కిందటి శివరాత్రికి ముఖలింగం తీర్థంలో, అంటే అక్కడి తిరనాళ్ళలో, ఒక బైరాగి ఇచ్చిన లేహ్యం తింటున్నాడు. రత్నం సత్తు డబ్బా మూత తీసి చూపించింది. నెయ్యి, బెల్లం, మిరియాల వాసన, దాని కింద ఇంకో వాసన. గంజాయి. పువ్వు నేతిలో కాచి, బెల్లం పాకంలో కలిపి గోలీకాయంత ఉండలు చేస్తారట. మొదట్లో సోమవారాలు మాత్రం తినేవాడు. ఇప్పుడు పట్టేసినప్పుడల్లా ఒకటి నోట్లో వేసుకుంటున్నాడు.

“ఇది సివుడి మూలిక వదినా. ఇది పడితే నొప్పి నొప్పిలాగుండదు. ఎక్కడో పక్కూర్లో ఎవుడికో నొస్తన్నట్టుంతాది,” అన్నాడు గర్వంగా.

“నొప్పి పక్క ఊరెళ్ళింది సరే, గుండె నీ దగ్గరే ఉంది కదయ్యా,” అన్నాను. ఇల్లంతా వినబడేలా నవ్వాడు.

రత్నం అన్నం వడ్డిస్తూ చెప్పింది. “ఇశాక ఎల్దామండి, డాక్టరు సెప్పాడు గదా.” ఆయన ‘ఊఁ’ అన్నాడు. చేతులు కడుక్కోవడానికి నీళ్ళిస్తూ మళ్ళీ చెప్పింది. మళ్ళీ ‘ఊఁ’ అన్నాడు, ఈగని తోలినట్టు. “నెలల తరబడి సెప్తన్నానక్కా. గోడకి సెప్పినట్టే,” అంది వంటింట్లో నాతో. అందుకే నన్ను రమ్మని కబురంపింది. బయటి నుంచి వచ్చిన వదిన చెబితే వింటాడని దాని ఆశ.

నేను గట్టిగానే చెప్పాను. ఆయన బేరం పెట్టాడు. ముందు తీర్థానికి వెళ్ళి ఈ ఏటి మందు తెచ్చుకోవాలి. అటునుంచి నౌపడ వెళ్ళి అన్నగారిని చూడాలి. అప్పుడు విశాఖ. “మాటంటే మాటే వదినా,” అని నా చేతిలో చెయ్యి వేశాడు. ఆ చేతిని నమ్మి బయల్దేరాను.

విజయనగరం నుంచి రైల్లో

విజయనగరంలో రిక్షా చక్రం ఊడి కోట పక్కన ముగ్గురం దిగబడ్డాం. సామాను నెత్తిన పెట్టుకుని స్టేషనుకి నడిచాం. అప్పలనాయుడు బుట్ట మోస్తానని పంతం పట్టి నాలుగడుగులు వేసి, గుండె పట్టుకుని ఒక అరుగు మీద కూర్చున్నాడు. మొహమంతా చెమట. జేబులోంచి ఉండ తీశాడు. నేను లాక్కునేలోపల మింగేశాడు.

రైల్లో మా ఎదురుగా ఒక ముసలమ్మ చుట్ట కాలుస్తోంది, నిప్పు ఉన్న కొన నోటి లోపలికి పెట్టుకుని. అడ్డపొగ అంటారట, ఇక్కడ ఆడవాళ్ళకి మామూలు. తెనాలిలో ఆడది చుట్ట కాలిస్తే ఊరు మూడు రోజులు చెప్పుకుంటుంది, ఇక్కడ నిప్పు నోట్లో పెట్టుకుని కోడలికి సుద్దులు చెబుతోంది. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆవిడ నవ్వింది. మా సంగతి విని అప్పలనాయుణ్ణి మెచ్చుకుంది కూడా.

“అదే తిను నాయినా, మంచిది. మా ముసిలోడికీ గుండె నొప్పే. ఆ మందే తిన్నాడు. ఒక్క పాలి కూడా ‘అమ్మా’ అన్లేదు. నొప్పి తెలవకుండా ఎలిపోనాడు.”

ఆవిడ ఆ మాట మందుకి మెప్పుగానే అంది. అప్పలనాయుడు మెప్పుగానే విన్నాడు. రత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ముఖలింగం

శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగి బస్సు పట్టుకున్నాం. బస్సు పైనా లోపలా జనమే. మా పక్క కోటప్పకొండ తిరనాళ్ళకి ప్రభలు కడతారు, అంత ఎత్తున, విద్యుద్దీపాలతో. ఇక్కడ ఆ ఆర్భాటం లేదు. ఏటి ఇసక మీద జనం, తడిబట్టలు, చెరుకుగడలు, నువ్వుల జీళ్ళు. జీళ్ళ పొట్లం పావలా. పళ్ళకి అంటుకుంటే ఊడిరావు, నా పంట్లో నింపిన సిమెంటు ఊడొచ్చింది. స్నానం చేసి, స్వామిని చూశాం. లింగానికి ముఖం ఉందని కొందరు చూడగలుగుతారట. నాకు కనబడిందో లేదో, ఆ తోపులాటలో చెప్పలేను.

బైరాగి గుడికి చాలా ఎడంగా, ఇసకలో తాటాకు పందిరి కింద ఉన్నాడు. సన్యాసి అంటే ఎండిపోయి ఉంటాడనుకున్నాను. ఈయన బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. ఎదురుగా మనుషుల బారు. పక్షవాతానికీ అదే ఉండ, ఉబ్బసానికీ అదే ఉండ, గుండెకీ అదే ఉండ.

“ఇసం మింగిన సామికి గుండి సల్లబరిసిన మూలిక ఇది,” అంటున్నాడు.

“నాడి చూడకుండా మందు ఇస్తారా స్వామీ?” అన్నాను.

“నాడి సూసేవోడు వైద్దుడమ్మా. నాను బక్తి సూస్తాను.”

బారులో ఉన్నవాళ్ళంతా ఆహా అన్నారు. అప్పలనాయుడు చెంపలు వేసుకుని అక్కడికక్కడే ఒక ఉండ తిన్నాడు. కాసేపు చూసి, “ఈయేడు మందు పల్సన. ఏటీ తెలవట్లేదు,” అని రెండోది తిన్నాడు. అన్నం తినేటప్పుడు రత్నం చూడకుండా మూడోది కూడా తిన్నాడని తరవాత తెలిసింది.

అన్నాలయ్యాక ఇసకలో కూర్చుని ఉండగా మొదలైంది. ముందు ఊరికే నవ్వాడు. కళ్ళు మందారాల్లా అయ్యాయి. తర్వాత నాలిక పిడచగట్టిందని నీళ్ళడిగాడు. నీళ్ళు తెచ్చేలోపల చెయ్యి గుండె మీదికి పోయింది. లేచి నిలబడబోయి ఊగాడు. ఒళ్ళంతా వణుకు, చెమట ధారలు కట్టింది.

పక్కన ఎవడో అరిచాడు, “సామొచ్చాడు! సామొచ్చాడర్రా!”

అంతే. ఎక్కణ్ణించి వచ్చారో, మనుషులు చుట్టుముట్టారు. డప్పు మొదలైంది. ఒకడు నుదుట విబూది పులిమాడు. ఇద్దరు బలమైనవాళ్ళు చంకల కింద చేతులేసి ఆయన్ని ఎత్తి నిలబెట్టారు. దేవుడొచ్చిన ఒళ్ళు నేలకి తగలకూడదట. అది అక్కడి ఆచారం. వాళ్ళు పాపం భక్తితోనే పట్టుకున్నారు. ఒకావిడ కూతుర్ని ముందుకు తోసి, హారతి ముఖం మీదికి తెచ్చి, “మా గుంటకి కడుపు ఎప్పుడు పండుతాది సామీ?” అంది. ఇంకొకడు, “మా బావిలో నీరు పడతాదా?” అన్నాడు. అప్పలనాయుడు “ఊఁ... ఊఁ...” అంటున్నాడు. ఆ ఊఁ అంటే ఊపిరందక. వాళ్ళు మాత్రం కడుపు పండుతుందనీ, నీరు పడుతుందనీ రాసిపెట్టుకున్నారు.

నేను సందు చేసుకుని ఆయన మణికట్టు పట్టుకున్నాను. నాడి లెక్కపెట్టడానికి లేదు, వేలి కింద పరుగు. పెదాలు తెల్లబడ్డాయి. తల వెనక్కి వాలిపోతోంది.

“దేవుడు కాదు, గంజాయి! పడుకోబెట్టండి!” అని అరిచాను.

“ఎవులమ్మా ఈయమ్మ? సామిని పట్టుకుని అలగంటావేటి?” అన్నాడొక పెద్దాయన.

డప్పువాడి చేతిలో పుల్ల లాక్కుని ఏట్లోకి విసిరాను. అయినా పట్టుకున్నవాళ్ళు వదల్లేదు. నా చేతిలో గొడుగుంది. ఒకడి ముంజేతి మీద ఒక్కటిచ్చాను. వాడు “ఓలమ్మో” అని వదిలాడు. అప్పలనాయుడు అంత మనిషీ రత్నం మీద కూలాడు. ఇద్దరం కలిసి ఇసకలో వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళ కింద బట్టల మూట పెట్టాం. రత్నం తన తడి కొంగు ఆయన ముఖం మీద వేసి, చెయ్యి రొమ్ము మీద పెట్టి అలాగే ఉండిపోయింది. ఆ రొమ్ము ఎగిసిపడడం నాకు బట్ట మీద నుంచే కనబడింది. దాని పెదాలు కదులుతున్నాయి. ఏ దేవుణ్ణి పిలుస్తోందో నేను అడగలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను తిడుతూనే ఉన్నారు.

పొద్దు వాలాక ఊపిరి సర్దుకుంది. కళ్ళు తెరిచి మొదట అడిగిన మాట ఇది: “నాను ఏటి సెప్పాను?” బతికానా అని కాదు. ఎవరో వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టారు. ఆయన ముఖం వెలిగింది. నాకు ఆ క్షణాన ఆయన్ని కూడా గొడుగుతో ఒకటి వెయ్యాలనిపించింది.

తిలారు

బండి కట్టించుకుని తిలారు స్టేషనుకి వచ్చాం. ఈమధ్య శ్రీకాకుళం కొండల్లో నక్సలైట్ల గొడవలు మీరు పేపర్లలో చదివే ఉంటారు. స్టేషనులో పోలీసులు ప్రతి మూటా విప్పిస్తున్నారు. కరపత్రాల కోసం, తుపాకి మందు కోసం వెతుకులాట. నా సంచిలో ఉన్న పిల్లల వాచకాన్ని ఒక జవాను పేజీ పేజీ తిప్పి చూశాడు. ఆ తర్వాత అప్పలనాయుడి కొత్త డబ్బా మూత తీశాడు. గంజాయి వాసన గుప్పుమంది.

ఇదే సమయమని, “తీసేసుకోండి బాబూ, నేనేమీ అనుకోను,” అన్నాను.

“ముకలింగం లేగ్యమా?” అని అతను డబ్బా రెండు కళ్ళకీ అద్దుకున్నాడు. ఒక ఉండ తన రుమాల్లో వేసుకుని, “మాయమ్మకి మోకాళ్ళ నొప్పులండి,” అన్నాడు. డబ్బా భద్రంగా మూత పెట్టి మా మరిదికి ఇచ్చాడు. వాచకం మాత్రం ఇంకోసారి తిరగేశాడు.

నౌపడ

నౌపడలో ఉప్పు మళ్ళు చూడాలి. పొలాల్లాగే గట్లు కట్టి, మళ్ళు చేసి, ఉప్పు పండిస్తారు. ఎండకి నేల తెల్లగా మిరుమిట్లు గొలుపుతుంది. అప్పలనాయుడి అన్నగారు అక్కడ మేస్త్రీ. ఎండుచేపల పులుసు పెట్టారు, కొంచెం ఒడియా వంట లాగా పసుపు ఎక్కువ, కారం తక్కువ. బాగుంది. తిన్నంత సేపు నేను ఎవరితోనూ పోట్లాడలేదు.

కాని మాకంటే ముందే కబురు వచ్చేసింది, అప్పలనాయుడి మీదికి శివుడు వచ్చాడని. ఉప్పు మళ్ళ వాళ్ళు పని దిగి నేరుగా ఆ వాకిట్లోకే వస్తున్నారు. పిల్లల్ని కాళ్ళ మీద వేస్తున్నారు. ఆయన పీట మీద కూర్చుని విబూది ఇస్తున్నాడు. మధ్యమధ్య గుండె రాసుకుంటున్నాడు. ఒక్క మెట్టు ఎక్కితే ఎగపోత వస్తోంది.

“ఇక విశాఖ బయల్దేరదామా?” అన్నాను.

“సామి వచ్చి కూకున్న గుండి వదినా ఇది. దీన్ని మిసనుకి సూపిస్తే అపసారం.”

“చేతిలో చెయ్యి వేశావు!”

“అప్పుడు నాను అప్పలనాయుణ్ణి,” అన్నాడు.

అన్నగారు కూడా తమ్ముడి వైపే. రత్నం వెనకనుంచి మెల్లిగా, “ఎల్దామండి, మీ కాళ్ళట్టుకుంతాను,” అంది. “నువ్వూరుకో. మొగోళ్ళు మాటాడతన్నారు,” అన్నాడు. నేను మొగవాణ్ణి ఎప్పుడయ్యానో తెలియదు. రత్నం లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం వాకిట్లో జనం నిండి ఉండగా రత్నం పసుపునీళ్ళ చెంబుతో వచ్చింది. వాకిలి మధ్య చెంబు జారింది. ఎవరో తిట్టబోయారు. రత్నం ముడి విప్పింది. జుట్టు నడుం దాకా పడింది. ఊగడం మొదలెట్టింది, ముందు మెల్లిగా, తర్వాత నేల అదిరేలా.

“ఒరే అప్పలనాయుడూ!”

పెళ్ళయినప్పటి నుంచి రత్నం మొగుడి పేరు పలకగా ఎవరూ వినలేదు. వాళ్ళ ఇళ్ళల్లో పలకరు. ఆ పేరు అలా ‘ఒరే’తో వినబడేసరికి వాకిలంతా గప్‌చిప్. అప్పలనాయుడు పీట మీది నుంచి తనంతట తానే దిగిపోయాడు.

“నాను పైడితల్లి అమ్మోరినిరా. నా గుంట పుస్తిలు తెంపుతావేట్రా? ఆ మందు తిని నీ గుండి నువ్వే తినేస్తన్నావు. రేపు బండికి ఇశాకపట్నం ఎల్లాలి. డాక్టరు ఏటి సెప్తే అది సెయ్యాలి. ఆ డబ్బా ముట్టుకున్నావంటే నాను ఊరుకోను, సెప్తన్నాను!”

“తప్పయిపోనాది తల్లీ, తప్పయిపోనాది,” అని ఆయన నేల మీద పొర్లాడు. అన్నగారు డబ్బా తెచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాడు. అన్నగారి భార్య వేపమండలు తెచ్చింది. జనమంతా మోకరిల్లారు. ఊగుతూ ఊగుతూ రత్నం నా వైపు ఒక్కసారి తిరిగింది. ఆ కళ్ళలో అమ్మవారు లేదు. మా రత్నమే ఉంది, భయంతో బిగుసుకుపోయి. నేను కూడా మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించాను. నా చెల్లెలికి నేను దణ్ణం పెట్టడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. ఈ మాటలే గదా అది అన్నం పెడుతూ చెప్పింది!

విశాఖపట్నం

మర్నాడు బండికి వెళ్ళాం. ఆసుపత్రిలో పడుచు డాక్టరు, మర్యాదస్తుడు. కాళ్ళకీ చేతులకీ రొమ్ముకీ తీగలు తగిలించి కాగితం మీద గీతలు తీశాడు. గుండె కండకి రక్తం చాలడం లేదన్నాడు. ఎక్కడికీ పంపనని వార్డులో ఉంచేశాడు. లేహ్యం సంగతి చెబితే మొహం చిట్లించాడు.

“గంజాయి పువ్వులో ఒక జిగురు సారం ఉంటుందండి. నెయ్యిలో బాగా దిగుతుంది. పొగ తాగితే వెంటనే ఎక్కుతుంది, తింటే ఆలస్యంగా ఎక్కి చాలాసేపు ఉంటుంది. అందుకే పనిచెయ్యలేదని ఇంకోటి తింటారు. గుండె దానికి పరుగు తీస్తుంది. పరుగు తీసే గుండెకి రక్తం ఎక్కువ కావాలి, ఈయన గుండెకి ఉన్నదే చాలడం లేదు. దీని గురించి మాకు తెలిసింది ఇంకా తక్కువే, కాని ఇంత మట్టుకు తెలుసు.”

“మరి నొప్పి తగ్గిందంటాడే?” అన్నాను.

“నొప్పి కాపలా కుక్కండి. దానికి మత్తు పెట్టి పడుకోబెట్టారు. దొంగ పోలేదు.” ఇసకలో నిలబెట్టి పట్టుకున్నారని చెబితే తల పట్టుకున్నాడు. నిలబెడితే తలకి రక్తం అందదట, పడుకోబెట్టడం వల్లే గట్టెక్కాడట.

కొన్నాళ్ళకి అప్పలనాయుడి ముఖంలో రంగు వచ్చింది. నాలుగడుగులు వేసినా ఎగపోత రావడం లేదు. నేను తెనాలి బయల్దేరే రోజున మంచం మీద కూర్చుని కమలాపండు వొలుచుకుంటున్నాడు. మంచి హుషారులో ఉన్నాడు. సగం పండు రత్నం చేతిలో పెట్టి, ఎంతో ప్రేమగా అన్నాడు:

“ఇంత సులువని నాకేటి తెలుసు? నువ్వు ముందే ఒక్క మాట సెప్పుంటే ఎప్పుడో వచ్చేసేవోళ్ళం గదే. అమ్మోరు వచ్చి సెప్పేదాకా ఉండాలేటి?”

అబద్ధమాడడం లేదు. వెటకారమూ లేదు. ఆ మనిషికి నిజంగా ఒక్క మాట కూడా జ్ఞాపకం లేదు. నేను నోరు తెరిచాను. నోటి నిండా మాటలున్నాయి. రత్నం నా చెయ్యి గట్టిగా నొక్కి, నన్ను వరండాలోకి లాక్కుపోయింది.

“పోనీలే అక్కా,” అంది. “బతికున్నాడు. నాకది సాలు.”

దానికి చాలింది. నాకు చాలలేదు.